ఎదురు మాట

బ్యాంకు క్లర్కు పరీక్షలో రమ రెండేళ్లు వరుసగా తప్పింది. లెక్కల్లో ఆమెకు ఢోకా లేదు. రీజనింగ్ అంటే ఇష్టం కూడా. రెండుసార్లూ పడగొట్టింది ఇంగ్లీషే. ఖాళీలో సరిపోయే మాట పెట్టమని అడుగుతారు, కింద కొన్ని మాటలిస్తారు. అవన్నీ పెళ్లి పందిట్లో ఎదురైన ముక్కూమొహం తెలియని చుట్టాల్లా ఆమెకేసి చూస్తాయి. ఏదో ఒకదాని మీద వేలు పెట్టి దేవుడి మీద భారం వేయడం, ఫలితాల నాడు మొహం వేలాడదీసుకోవడం. వయసు పరిమితి కూడా దగ్గర పడుతోంది. బీసీల సడలింపు కలుపుకొన్నా ఇంకో రెండుసార్లు రాయగలదు, అంతే.

వాళ్లది చిట్యాలకు ఆనుకొని ఉన్న ఊరు. భర్త కృష్ణకాంత్‌కు చిట్యాలలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపుంది. కరెంటు ఎక్కువ తక్కువయిన ప్రతిసారీ ఎవరిదో ఒకరిది మోటారు కాలుతుంది కాబట్టి ఎండాకాలం అతనికి తిండి తినే తీరిక ఉండదు. కూతురు మల్లిక రెండో తరగతి. అత్త గోపమ్మకు అరవై దాటాయి. మామ వెంకటయ్య పోయినప్పటినుంచి ఉన్న కొద్దిపాటి పత్తి చేనును ఆమే చూసుకుంటోంది.

అత్తాకోడళ్ల మధ్య తగాదాలేం లేవు. అట్లాగని మాటలూ లేవు. "పాలు పోసిపోయిండా?" "పోసిండు అత్తమ్మా." "పిల్ల తిన్నదా?" "తిన్నది." ఇంతే. కోడలి చదువు మీద గోపమ్మ నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ, పుస్తకం పట్టుకున్నప్పుడల్లా గిన్నెల చప్పుడు కొంచెం ఎక్కువయ్యేది.

మూడోసారి రమ నల్లగొండలో కోచింగ్‌కు చేరింది. ఆదివారాలు మాత్రమే క్లాసు. గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఒక మందుల షాపు పైన హాలు. ఇంగ్లీషు చెప్పే బెంజమిన్ సారు సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉంటాడు. రోజూ పొద్దున వాట్సాప్ గ్రూపులో పది మాటలు పంపిస్తాడు. మాట, దాని అర్థం, ఒక ఉదాహరణ వాక్యం. మొదటి క్లాసులోనే ఒకటి చెప్పాడు.

"నేను పంపే వాక్యాలు చదివితే మీకు నా వాక్యాలే వస్తాయి. మాట రాదు. ప్రతి మాటకూ మీ సొంత వాక్యం ఒకటి రాయండి. మీ ఇల్లు, మీ ఊరు, మీకు తెలిసినవాళ్లు. అప్పుడే అది మీదవుతుంది."

చెప్పడం సులభం. రమ మధ్యాహ్నం వాకిట్లో వేపచెట్టు నీడన కూర్చుని ఎంత బుర్ర గోక్కున్నా రాజులూ, మంత్రులూ, యుద్ధాలూ తప్ప ఏవీ వచ్చేవి కావు. ఇంగ్లీషు అనగానే తన ఊరు ఎటో వెళ్లిపోయేది. చుట్టూ ఎవరూ మిగిలేవారు కాదు.

ఒకరోజు ఆమె 'మాగ్నానిమస్' అనే మాటను మంత్రంలా జపిస్తోంది. ఆ పక్కనే గోపమ్మ కత్తిపీట ముందేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆమె ఓపిక నశించింది.

"ఏందే అది, పొద్దటి సంది గొణుగుతున్నవ్?"

"ఇంగ్లీషు మాట అత్తమ్మా. పెద్ద మనసున్నోళ్లు అని. తమకు నష్టం జేసినోళ్లను గూడ ఏమనకుంట, మంచిగ సూసుకునేటోళ్లు."

"దానికి గంతసేపా?"

"వాక్యం రాయాలె. ఓడిపోయిన శత్రువును రాజు పెద్ద మనసుతో వదిలేసిండు అని సారు రాసిండు. నాకేం తోస్తలేదు."

గోపమ్మ ఒక గింజను చిప్పలోకి విసిరింది. "రాజు ముచ్చట నీకెందుకు? పక్కింటి ముత్తమ్మ లేదా? మన కుక్క ఆమె కోడిపెట్టను కొరికి సంపితె ఏం జేసింది? మూగజీవానికేం ఎర్క అని, ఆ కోడినే వండి మనకు గిన్నెడు కూర పంపింది. నేనైతే ఊరు లేపుతుంటి."

రమ ఒక్క క్షణం అత్త ముఖంలోకి చూసింది. తర్వాత ఫోన్ పక్కన పెట్టి పెద్దగా నవ్వేసింది. ఆ కూర తనూ తిన్నది. ముత్తమ్మ ఎర్రటి గిన్నె తిరిగి ఇవ్వడానికి పోయినప్పుడు సిగ్గుతో చచ్చింది కూడా. అలాగే రాసింది. మా కుక్క ముత్తమ్మ కోడిని చంపింది, ముత్తమ్మ మాగ్నానిమస్, మాకే కూర పంపింది. ఆ మాట ఆమెను మళ్లీ ఎన్నడూ వదిలిపోలేదు.

మరునాడు గోపమ్మే అడిగింది. "ఇయ్యాల ఎవరొచ్చిండ్రు?"

రమకు వెంటనే అర్థం కాలేదు. మాటల గురించి అడుగుతోందని తెలియగానే ఫోన్ తీసి చూసింది. "ప్రొక్రాస్టినేట్ వచ్చింది అత్తమ్మా. చేయాల్సిన పనిని రేపు, ఎల్లుండి అనుకుంట ఎనుకకు జరుపుడు."

"గిది నన్నడుగుతున్నవా? నీ మొగడు లేడా! ఊరందరి మోటార్లు బాగుజేస్తడు. మన బాయికాడి మోటారు అడిగితె రేపు అంటడు."

అట్లా మొదలైంది. ఆ ఎండాకాలంలో చింతపండు పని అయిపోయింది, ఆ తర్వాత కందులు చెరిగారు, పచ్చడికి మిరపకాయల తొడిమెలు తీశారు. చేతులు వాటి పని చేస్తుండేవి, నోళ్లు మాటల పని చేస్తుండేవి. రమ అర్థం చెప్పేది, గోపమ్మ మనిషిని చూపించేది. 'క్యాండిడ్' అంటే ఉన్నది ఉన్నట్టు మొహమాటం లేకుండా చెప్పేవాళ్లు. అది గోపమ్మే. కొత్త పళ్లు కట్టించుకొని ఎట్లున్నయని అడిగిన సర్పంచును, 'మాట్లాడకుంటె బాగున్నయ్' అన్నది ఆమె కాక ఇంకెవరు? 'రిలక్టెంట్' అంటే మనసు లేకుండా, వెనకకు వెనకకు పోవడం. అది సోమవారం పొద్దున బడికి పోయే మల్లిక. రెండు చేతులా గుమ్మాన్ని పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విడిపించాల్సి వచ్చే మల్లిక.

ఒక్కోసారి అర్థం దగ్గరే గోపమ్మ వాదన పెట్టుకునేది. 'ఫ్రూగల్' అంటే పొదుపుగా బతికేవాళ్లు అని రమ చెబితే, "మంచిగ అన్నట్టా, పిసినారని తిట్టినట్టా?" అని అడిగింది. రమకు తెలియలేదు. సారుకు మెసేజ్ పెట్టింది. మంచిగా అన్నట్టే, తిట్టాలంటే వేరే మాట ఉంది అని జవాబొచ్చింది. "మరి ఆ ముక్క ముందుగాల రాయొద్దా?" అన్నది గోపమ్మ, సారు ఎదురుగా ఉన్నట్టే.

ఆదివారం క్లాసులో బెంజమిన్ సారు కొందరిని లేపి వాక్యాలు చదివించాడు. రమ వంతు వచ్చింది. చుట్టూ ఉన్నది తనకన్నా ఎంతో చిన్నపిల్లలు. మోటారు వాక్యం చదివింది, సర్పంచు పళ్ల వాక్యం చదివింది. హాలంతా గొల్లుమంది. తనను చూసే నవ్వారనుకొని రమ కూర్చోబోయింది.

"కూర్చోకండి. ఇంకోటి చదవండి" అన్నాడు సారు. అతనూ నవ్వుతున్నాడు. "రెండో వాక్యంలో క్రియ ఒక్కటి సరిచేసుకుంటే చాలు. ఈ మాటలు మీరు మర్చిపోరు. వీళ్లు కూడా మర్చిపోరు."

ఇంటికొచ్చి చెబితే గోపమ్మ మొదట సర్పంచుకు తెలుస్తుందేమోనని కంగారుపడింది, తర్వాత ముసిముసిగా నవ్వుకుంది. కృష్ణకాంత్ మాత్రం తానొక ఉదాహరణ అయిపోయానని తెలిసి, ఆ సాయంత్రమే పానాలు పట్టుకుని బావి దగ్గరికి పోయాడు.

జూన్‌లో తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం 'ఎస్ట్రేంజ్డ్' వచ్చింది.

గోపమ్మ పత్తి గింజల ప్యాకెట్లు విప్పుతోంది. రమ ఎప్పటిలాగే అర్థం చెప్పింది. "ఒకప్పుడు బాగ దగ్గరి మనుషులు. ఇప్పుడు మాటాముచ్చట లేదు, రాకపోకలు లేవు. బతికుండంగనే పరాయోళ్లయిండ్రు. గసుమంటోళ్లు. ఎవరున్నరు అత్తమ్మా మన దాంట్ల?"

గోపమ్మ చేయి ఆగింది. ప్యాకెట్ అంచును గోటితో రెండుమూడు సార్లు గీకింది.

"నాకెర్క లేదు. ఇంకోటి సూడు" అంది.

ఆ వెంటనే లేచి, ఎండ తగ్గకముందే చేనుకు పోయింది. రమ అక్కడే కూర్చుండిపోయింది. ఏం తప్పు మాట్లాడిందో ఎంత ఆలోచించినా తెలియలేదు.

మరునాడు పొద్దున చాయ్ తాగుతూ కృష్ణకాంత్‌ను అడిగింది. అతను గ్లాసు కింద పెట్టి, వాకిట్లో తల్లి లేదని చూసుకుని చెప్పాడు.

గోపమ్మకు ఒక అక్క ఉంది. పేరు నర్సింగమ్మ. వాళ్ల పుట్టినూరు కృష్ణ ఒడ్డున కొల్లాపూర్ దిక్కు ఉండేది, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. పెద్దకూతురును కొల్లాపూర్‌లో ఇచ్చి, చిన్నకూతురును వెంటబెట్టుకుని తల్లిదండ్రులు రోడ్డు పనికి ఈ దిక్కు వలస వచ్చారు. ఇక్కడే గోపమ్మ పెళ్లయింది. తండ్రి పోయాక తల్లి గోపమ్మ దగ్గరే ఉంది. ఒక మే నెలలో, పొద్దుపొడుపు వేళ ఈ ఇంట్లోనే ప్రాణం వదిలింది.

"అప్పుడు ఫోన్లు యాడున్నయ్? కొల్లాపూర్‌ల ఒక ఎస్టీడీ బూతుకు చేసి చెప్పమన్నరు. వాడు చెప్పేసరికి మద్దినాలమైందట. ఆమె బస్సులు దొరకక తెల్లారి వచ్చింది. ఇక్కడ ఎండకు ఉండదని పెద్దమనుషులు ఆ సాయంత్రమే మట్టి చేసేసిండ్రు. మా అమ్మ, అక్క వచ్చేదాక ఆపమని కాళ్లు పట్టుకుంది. ఎవడూ ఇనలే. బాపు గూడ ఇనలే."

"మరి పెద్దత్తమ్మ వచ్చినంక?"

"వాకిట్ల నిలబడి, అమ్మ మొకం నాకు లేకుంట జేసినవ్, ఇగ నువ్వు నాకు లేవు అన్నది. ఊరందరి ముంగట. మంచినీళ్లు గూడ ముట్టకుంట ఎనుకకు మర్రి పోయింది. నేను చిన్నోణ్ని, గా గడప పట్టుకొని నిలబడ్డ. అంతే. పెండ్లిళ్లకు లేదు, సావులకు లేదు. బాపు పోయిననాడు కబురు పంపితె గూడ రాలె."

రమ ఈ ఇంటికి వచ్చి పదేళ్లవుతోంది. ఆ పేరు ఎన్నడూ వినలేదు. ఆ రోజు ఎస్ట్రేంజ్డ్ పక్కన వాక్యం రాయకుండా ఖాళీగా వదిలేసింది. తర్వాతి రోజుల్లో మధ్యాహ్నాలు మళ్లీ పాత పద్ధతికి వచ్చాయి. గోపమ్మ ఎవరొచ్చారని అడగడం మానేసింది. ఆ నిశ్శబ్దం ఇదివరకు రమకు బరువుగా ఉండేది కాదు. ఇప్పుడు మోయలేకపోతోంది.

వారం దాటాక ఒకనాడు ముసురు పట్టింది. చేను పని లేదు. గోపమ్మ వచ్చి అరుగు మీద రమ పక్కన కూర్చుంది.

"గా మాట ఏమాయె? రాసినవా?"

ఏ మాటని రమ అడగలేదు. "లేదు అత్తమ్మా."

"రాయి. గోపమ్మ, నర్సింగమ్మ అని రాయి. వాడు నీకు చెప్పిండని నాకెర్కే."

రమ నెమ్మదిగా రాసింది. ఇంగ్లీషులో ఆ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టింది. గోపమ్మ ఆ అక్షరాల వైపు తొంగి చూసింది, చదవలేని కళ్లతోనే.

"దీనికి ఎదురు మాట ఉంటదా?" అంది. "మొన్న చెప్తివి గదా, ప్రతి మాటకు ఎదురు మాట గూడ అడుగుతరని."

"ఉన్నది. రికన్సైల్."

"అంటె?"

"తెగినోళ్లు మళ్ల కలుసుడు. మనసుల ఉన్నది పక్కకు బెట్టి దగ్గరగావుడు."

గోపమ్మ అరుగు మీది రేకుల నుంచి పడుతున్న నీళ్లకు అరచెయ్యి పట్టింది. "ఎవరు ముందుగాల పోవాలె అనేది అండ్ల ఉంటదా?"

రమ సారు పంపిన అర్థాన్ని మళ్లీ చదివింది. "లేదు అత్తమ్మా. అండ్ల అది రాసిలేదు."

"రాయరు. గది రాస్తె బాగుండు" అంది గోపమ్మ, లేచి లోపలికి పోయింది.

ఆ తర్వాత దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. హాల్‌టికెట్ వచ్చిన రోజు దాకా.

పరీక్ష సెంటర్‌కు నల్లగొండ పెట్టుకుంటే మహబూబ్‌నగర్, అదే పాలమూరు, పడింది. ఆగస్టులో శనివారం, పొద్దుటి పూట పరీక్ష. ముందు రోజే పోయి ఎక్కడో ఒకచోట ఉండాలి. కృష్ణకాంత్ షాపు మూసి వస్తానన్నాడు. వరి నాట్ల కాలం, మోటార్లు గుట్టలుగా పడి ఉన్నాయి. రమకు అతన్ని రమ్మనడం ఇష్టం లేదు, ఒంటరిగా పోవాలంటే బెరుకు.

"నేను పోత దానెంట" అంది గోపమ్మ అన్నం వడ్డిస్తూ.

కొడుకు, కోడలు ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"నాకేం టికెటా, గికెటా? ఆధార్ కార్డు సూపిస్తె ఆడోళ్లకు పైసల్లేకుంట జీరో టికెట్ కొడతడు. మల్లికను నువ్వు సూసుకో." ఇంకో గరిటె పప్పు పోసి, మామూలుగా అన్నట్టే అంది. "పాలమూరు దాకా పోతె కొల్లాపూర్ ఎంత దూరం?"

కృష్ణకాంత్ ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ముందుగాల ఫోన్ చేపియ్యాల్నా అమ్మా? వాళ్లింటి నంబరు కనుక్కుంట."

"వద్దు. చెప్తె తలుపేసుకుంటది. మా అక్క నాకెర్క లేదా?"

పరీక్ష నాడు సెంటర్ బయట గేటు దగ్గర రమ చెవికమ్మలు, గాజులు తీయించారు. అవన్నీ కొంగున ముడేసుకుని గోపమ్మ ఎదురుగా కిరాణా షాపు అరుగు మీద కూర్చుంది. "జర నిమ్మళంగ రాయి. ఫికర్ చేయకు" అని ఒక్కమాట చెప్పింది. లోపల కంప్యూటర్ ముందు కూర్చున్నాక మొదట రమకు అన్నీ మసకగా కనిపించాయి. తర్వాత ఖాళీల ప్రశ్న వచ్చింది. కోర్టులో సాక్షి ఒకడు నోరు విప్పడానికి ఎట్లా ఉన్నాడో చెప్పమంటోంది. కింద మాటల్లో రిలక్టెంట్ కనపడింది. గుమ్మం పట్టుకున్న చిన్న వేళ్లు కనపడ్డాయి. రమ నవ్వును ఆపుకుని దాని మీద నొక్కింది. అక్కడి నుంచి మాటలు ఒక్కొక్కటిగా ముఖాలతో రావడం మొదలుపెట్టాయి. అన్నీ రాలేదు. తెలియనివి వదిలేయడానికి భయపడలేదు.

బయటికొచ్చి, "మంచిగనే రాసిన అత్తమ్మా" అంది.

"మంచిది" అంది గోపమ్మ. ఆమె ధ్యాస అప్పటికే బస్టాండు మీద ఉంది.

నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి కొల్లాపూర్ చేరేసరికి పొద్దు వాలుతోంది. దారంతా కబుర్లు చెప్పిన గోపమ్మ ఊరు దగ్గరపడేకొద్దీ మాట తగ్గించింది. బస్టాండులో కొనుక్కున్న అరటిపళ్ల సంచీని ఒడిలో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. రాజావారి బంగళా దాటాక ఒకర్నిద్దర్ని అడిగి సందులోకి తిరిగారు. ఇల్లు కనపడగానే ఆగిపోయింది.

"నువ్వు ముంగట నడువు బిడ్డా" అంది.

ముంగిట్లో నులకమంచం మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. కళ్లకు శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇచ్చే నల్లద్దాలు. గేటు చప్పుడుకు తల తిప్పింది. "ఎవరది?"

రమ గేటు దగ్గరే ఆగింది. తానెవరని చెప్పాలి? వెనక్కి చూసింది. గోపమ్మ చెప్పమన్నట్టు తల ఊపింది.

"చిట్యాల నుంచి వచ్చినం పెద్దత్తమ్మా" అంది రమ. "గోపమ్మ కోడలిని."

నర్సింగమ్మ నల్లద్దాలు తీసింది. తీయకూడదు కాబోలు, లోపలి నుంచి ఆమె కోడలు నాగరాణి గబగబా వచ్చింది. ముసలామె చేత్తో ఆమెను వారించింది. రమను దాటి, వెనక ఉన్న మనిషినే చూస్తోంది.

"ఇప్పుడు యాదికొచ్చిన్నా? సచ్చినంక సూడొస్తవనుకున్న."

"సచ్చినంక సూసి ఏం జేయాలె అక్కా" అంది గోపమ్మ. "బతికుండంగ సూద్దామని వచ్చిన."

నాగరాణి అత్త ముఖం చూసి, తర్వాత లోపలికెళ్లి రెండు చెంబులతో నీళ్లు తెచ్చింది. గోపమ్మ ఆ నీళ్లు తాగి, మంచం పక్కన నేల మీదే కూర్చుంది. పళ్ల సంచీ ఇంకా ఒడిలోనే ఉంది. అక్క కూర్చోమననూ లేదు, పొమ్మననూ లేదు.

చివరికి నర్సింగమ్మే అడిగింది. గొంతులో కోపం లేదు. ఏదో పాత వస్తువును వెతుక్కుంటున్నట్టుంది.

"అమ్మ ఎట్ల పోయిందే?"

గోపమ్మ తలెత్తింది.

"ఎవ్వరు చెప్పలే నాకు. నేను అడగలే. అడిగెటట్టు ఉన్ననా ఆనాడు? ఇన్నేండ్ల సంది అదే ఆలోశన. ఏం తిన్నది, ఏం మాట్లాడింది? నొచ్చుకుంట పోయిందా?"

గోపమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మనిషి, ఒక్కటీ వదలకుండా చెప్పింది. రెండ్రోజుల ముందు నుంచి జొన్న గట్క తప్ప ఏమీ మింగలేదని, అందులో మజ్జిగ పులిసిందని కసురుకుందని. ఆకుపచ్చ చీరే కట్టమన్నదని. కాళ్లు పట్టమన్నదని, పడుతుంటే తమ ఊళ్లో నది ఒడ్డున ఇసుక మీద నడిచినట్టుందని అన్నదని. తెల్లారగట్ల పక్కకు తిరిగి పడుకుందని, మళ్లీ తిరగలేదని. ముఖం ఎట్లా ఉందో చెప్పింది. నొసటి మీద ముడతలు పోయి, పొద్దంతా కూలికి పోయొచ్చి కునుకు తీసినట్టే ఉందని, ఎడమ కన్ను కొంచెం తెరిచే ఉంటే తానే మూసిందని.

"నన్ను అడిగిందా?"

రమ అత్త వైపు చూసింది. లేదని చెప్తే ఒక బాధ, అడిగిందని చెప్తే ఇంకో బాధ. గోపమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు.

"అడిగింది అక్కా. ముందటి దినం. నర్సి బస్సు దిగిందా సూడు అన్నది. దర్వాజ దిక్కే సూసింది. వస్తది, తొవ్వల ఉన్నది అని అబద్దం చెప్పిన."

నర్సింగమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. భుజాలు కదిలాయి. గోపమ్మ లేవబోయి, అక్క వద్దని చెయ్యి ఊపేసరికి ఆగిపోయింది. కాసేపటికి నర్సింగమ్మ నాగరాణి చెయ్యి పట్టుకుని లోపలికెళ్లింది. ఆ సాయంత్రం ఇక చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదు. నాగరాణే అన్నం పెట్టింది, చాపలు వేసింది. "తిట్టలేదంటె మంచిదే, మా అత్త సంగతి మీకెర్క లేదు" అని రమ చెవిలో మెల్లగా చెప్పి నవ్వింది.

పడుకున్నాక రమ ఆ సాయంత్రానికి ఒక ఇంగ్లీషు మాట వెతికింది. అలవాటైపోయింది కదా. రికన్సైల్ అనడానికి లేదు. ఎస్ట్రేంజ్డ్ అనడానికీ లేదు. ఆ రెండింటి నడుమ, నేల మీద కూర్చున్న తన అత్త కనపడింది. మాట దొరక్కపోయినా ఆమెకేమీ వెలితి అనిపించలేదు.

పొద్దున రమ లేచేసరికి అక్కాచెల్లెళ్లిద్దరూ ముంగిట్లో ఉన్నారు. ఒకరు మంచం మీద, ఒకరు కింద. నర్సింగమ్మ చెల్లెలి తలకు నూనె రాస్తోంది. మెల్లగా కాదు, మొట్టినట్టే రాస్తోంది.

"ఇంత తెల్లగైనవేందే? నాకన్న చిన్నదానివి."

"నీకు గింత నలుపన్న మిగిలింది, నాకు అది గూడ లేదు" అంటోంది గోపమ్మ కళ్లు మూసుకుని.

బస్సుకు బయల్దేరేటప్పుడు గోపమ్మ అక్కను చిట్యాలకు రమ్మంది. నర్సింగమ్మ తల అడ్డంగా ఊపింది.

"గా వాకిట్లకు నేను రాలేను గోపీ. అడుగు పడదు. నువ్వే రా. నీకు టికెట్ గూడ లేదాయె."

గోపమ్మ ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత, "సరే తీయ్, నేనే వస్త" అంది. మాట మీదే నిలబడింది. పత్తి తీత అయ్యేదాకా కుదరలేదు గానీ, ఆ తర్వాత పండగలకూ, ఏమీ లేనప్పుడూ సంచీ సర్దుకుని నల్లగొండ బస్సెక్కడం మొదలుపెట్టింది. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా రోజంతా ప్రయాణం. అలసిపోతున్నానని ఒక్కరోజూ అనలేదు.

రమ ప్రిలిమ్స్ పాసైంది. ఇంగ్లీషులో అవసరమైన దానికన్నా ఎక్కువే వచ్చాయి. ఫోన్ చేస్తే బెంజమిన్ సారు గట్టిగా చప్పట్లు కొట్టిన శబ్దం వినపడింది. మెయిన్స్‌లో మాత్రం కొంచెంలో పోయింది, అదీ ఈసారి బ్యాంకింగ్ విషయాల్లో. రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు మళ్లీ పుస్తకాలు తీసింది. ఆఖరి అవకాశం అది. ఇప్పుడు మధ్యాహ్నాలు గోపమ్మ ఆమెకు సగమే దొరికేది. అన్నాలైన వెంటనే కొల్లాపూర్ నుంచి ఫోన్ వచ్చేది. స్పీకర్‌లో అక్కాచెల్లెళ్ల ముచ్చట్లు మొదలైతే ఇల్లంతా మోగేది. రమ పుస్తకం పట్టుకుని డాబా మీదికి పోయి, వాక్యాలు తనే అల్లుకునేది. మొదట్లో తడబడింది. తర్వాత ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే మెట్లెక్కి ఆమె వాక్యాల్లోకి వచ్చారు.

మరుసటి ఏడు ఆమెకు ఉద్యోగం వచ్చింది.

ఫలితం తెలిసిన రోజు గోపమ్మ చేనులో ఉంది. ఆమె ఫోన్ ఇంట్లో మోగితే రమే ఎత్తింది.

"ఏదో పరీక్షంటిరి, ఏమాయె?" అవతల నర్సింగమ్మ.

"వచ్చింది పెద్దత్తమ్మా! బ్యాంకుల ఉద్యోగం."

"ఏ ఊర్ల ఏస్తరు?"

"ఇంకా తెల్వదు. వాళ్లిష్టం."

"వాళ్లిష్టమేంది? అడగాలె నువ్వు. నాగర్‌కర్నూల్ల బ్యాంకులు లేవా? కొల్లాపూర్‌ల లేవా? ఇటు దిక్కు ఏపించుకో. మీ అత్త బస్సులల్ల తిరగలేక సస్తాంది, చెప్పది గని."

రమ నవ్వింది. అడుగుతానని మాటిచ్చి, గోపమ్మకు చెప్పడానికి చెప్పులు వేసుకుని చేను దారి పట్టింది.